మెడపట్టీ కుట్టు

పార పక్కన పెట్టి చేతులతోనే మట్టి తోడుతున్నాడు గోతులాయన. పార తగిలితే లోపలి గుడ్డ చినుగుతుంది. ఫ్యాక్టరీ వెనక ఈ గోతుల్లో అరటినార గౌన్లు పాతడం, కొన్నాళ్ళకు తవ్వి ఎంతవరకు కుళ్ళాయో చూపించడం అతని పని. ఆసుపత్రుల్లో ఒక్కసారి తొడిగి పారేసే గౌన్లవి. మట్టిలో మట్టయిపోతాయని డబ్బాల మీద ఆకుపచ్చ అక్షరాల్లో అచ్చేస్తారు.

దగ్గు ముదిరి మంచం పట్టేదాకా అతని భార్య కూడా ఇక్కడే వాటిని కుట్టింది. ఇప్పుడు వీధి చివర ఆసుపత్రిలో, అలాంటి గౌనులోనే ఉంది.

పొద్దున అతను ఆవిడ మంచం దగ్గర్నుంచి లేచి పనికి వస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"మధ్యాహ్నం వచ్చి జడ వెయ్యి."

"నిన్న వేస్తే తాడు పేనినట్టుందన్నావుగా?"

"అన్నాన్లే. అయినా నువ్వే వెయ్యి. నర్సమ్మ దువ్వితే ప్రాణం పోతోంది."

దారి పొడుగునా ఆ మాట తలుచుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

గోతిలో గుడ్డ పోగు కూడా లేదు. మెత్తటి నల్లమట్టిలో కుట్టు మాత్రం మిగిలింది. నారదారం మిషన్లో తెగుతోందని ఆఫీసువాళ్ళే ఇప్పించిన నైలాన్ దారం. మెడ దగ్గర వెనక్కీ ముందుకీ తిప్పి బిగించిన ఆ కుట్టు ఆవిడదే. "పడుకున్న మనిషికి మెడ దగ్గర ఊడితే ఎంత సిగ్గు!" అనేది.

సూపర్‌వైజర్ తొంగిచూశాడు.

"ఆ దారం తీసెయ్ బాబాయ్. వచ్చేవాళ్ళకి మట్టే కనపడాలి."

"తీస్తా సార్. ఒక్కసారి ఆసుపత్రికి వెళ్ళొస్తా. మా ఆవిడ..."

"తనిఖీవాళ్ళు వచ్చేసరికి లేకపోతే రేపట్నుంచి అసలు రావద్దు."

పని పోతే మందులెక్కడివి? దారం తెగకుండా తీసి జేబులో పెట్టుకున్నాడు.

తనిఖీవాళ్ళు భోంచేసి తీరిగ్గా వచ్చారు. మట్టి నలిపి, వాసన చూసి, "అద్భుతం!" అన్నారు. అతన్ని పక్కకు జరగమని గోతి దగ్గర ఫొటో దిగారు.

పరుగున వెళ్ళేసరికి పొద్దు వాలింది. మంచం ఖాళీగా ఉంది.

"మధ్యాహ్నమే పోయింది బాబాయ్," అంది నర్సు. "మీ ఫ్యాక్టరీకి ఫోన్ చేశాం. ఫొటో అవగానే పంపిస్తామన్నారు."

అతను మంచం దగ్గరికి నడిచాడు.

"నన్ను దువ్వనివ్వలేదు. మా ఆయన వచ్చి వేస్తాడంది."

జేబులో ఉండచుట్టుకున్న దారాన్ని బయటికి తీసి, మట్టి చేతులతోనే తలగడ మీద పరిచాడు. తెల్లటి గలేబు మీద, ఆవిడ మెడ ఆనాల్సిన చోట, వంపు తిరిగి పడుకుంది నైలాన్ దారం. ఒక్క కుట్టూ ఊడలేదు.