ముప్పై సెకన్ల పాము

నన్ను పాము కరవలేదు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తున్నాను. మిగతావాటిలో దేన్ని నమ్మాలో మీ ఇష్టం.

నా పేరు గట్టయ్య. ఎనుమాముల మార్కెట్‌లో ముప్పై ఎనిమిదేళ్లు మిర్చి బస్తాలు మోశాను. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, ఆరో తరగతి నన్ను చూసి పారిపోయింది. మోత మానేసి చాలా రోజులైనా, పొద్దున్నే యార్డు గేటు దగ్గరున్న ఓంప్రకాశ్ చాయ్ కొట్టుకు పోకపోతే నాకు కాళ్లు నిలవవు. వేలం మొదలయ్యేదాకా హమాలీలకు పని ఉండదు. ఆ ఖాళీలో కోతలు కోస్తాం. మా దగ్గర దానికో కట్టుబాటు ఉంది. కోసేవాడికి ఎదురుగా ఒకడు కూర్చుని ఊఁ కొట్టాలి. అబద్ధం ఇక మోయలేననిపించినప్పుడు వాడు భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరుస్తాడు. బరువు దించేశాడన్నమాట. తువ్వాలు పడిందంటే కోసినవాడు అందరికీ చాయ్ చెప్పాలి. నేను చెప్పిన చాయ్‌లతో వడ్డేపల్లి చెరువు రెండుసార్లు అలుగు పోసేది.

పోయిన మార్చిలో పాము కథ చెప్పాను.

"నా ముప్పయ్యో యేట గీ తేజ మిర్చి రాశిలనే నన్ను నాగుబాము కరిచింది. దవాఖానకు పోలే. పిడికెడు మిరపకాయలు నమిలిన, పిప్పి కాటు మీద కట్టిన. ఒక్క గంటల విషం దిగింది. లేశి యాభై బస్తాలు మోశిన."

కథ అక్కడితో ఆగలేదు. నన్ను కరిచిన పాపానికి పాముకు నోరు మండి, ఏడ్చుకుంటూ బోరింగు దగ్గరికి పోయి, తోకతో తానే పిడి కొట్టుకుని నీళ్లు తాగిందన్నాను. అప్పుడు పడింది తువ్వాలు.

ఇదంతా ఓంప్రకాశ్ ఫోన్‌లో పట్టాడు. పట్టింది పట్టినట్టు పెట్టినా బాగుండేది. ముప్పై సెకన్లు దాటితే జనం చూడరట. బోరింగు, తువ్వాలు, నవ్వులు అన్నీ కత్తిరించి యాభై బస్తాల దగ్గర ఆపేశాడు.

ఇక మా మానస సంగతి చెప్పాలి. నా కొడుకు కూతురు. హనుమకొండలో ఒక ఆఫీసులో పని. జనం పెట్టే వీడియోలను ముందు మిషన్ జల్లెడ పడుతుంది. మిషన్‌కు అనుమానం వచ్చిన తెలుగు వీడియోలు మానస ముందుకు వస్తాయి. ఒక్కోదానికి నలభై సెకన్లు. ఉంచాలో తీసెయ్యాలో ఆలోగా నొక్కాలి. అలా రోజుకు ఆరేడు వందలు చూస్తుంది. ఏం చూసిందో ఇంట్లో చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. చెప్పకపోయినా తెలుస్తూనే ఉంటుంది. కొన్నిరోజులు కూర ఎర్రగా ఉంటే గిన్నె పక్కకు జరుపుతుంది. పక్కింటి పిల్లాడు ఏడిస్తే లేచి కిటికీ మూస్తుంది. అలాంటి పూట నేను ముద్దకో అబద్ధం చెబుతాను. కంచం ఖాళీ అయ్యేసరికి ఏనుగుకు ఎక్కాలు నేర్పి, పులికి క్షవరం చేసి ఉంటాను.

ఒక సాయంత్రం వచ్చింది. భుజాన బ్యాగు తియ్యలేదు, చెప్పులు విడవలేదు.

"తాతా, నిన్ను పాము కరిచిందా?"

"ఏ పాము బిడ్డా? నన్ను కరిచినయి శానా ఉన్నయి. మీ నాయినమ్మతోటి మొదలువెట్టాల్నా?"

"నవ్వులాట కాదు తాతా. మిర్చి రాశిల."

"గది కోత. నీకు దెల్వదా?"

"నాకు దెల్సు. గందుకే ఉంచిన."

నెల కింద ఆ వీడియో మీద మిషన్‌కు అనుమానం వచ్చిందట. నాటువైద్యం, ప్రాణాలకు ముప్పు అని గుర్తుపెట్టి మానస ముందుకు తోసింది. మిషన్‌కు ఉన్నపాటి బుద్ధి నాకు లేకపోయింది.

"ఆ దినం పొద్దుగాల్నుంచి అన్నీ పాడు వీడియోలే తాతా. మధ్యల నువ్వు కనవడ్డవ్. పానం నిమ్మళమైంది. మా తాత మాట ఎవలు నమ్ముతరని ఉంచిన."

నమ్మారు. నర్సంపేట దగ్గర ఒక ఊళ్లో వెంకటేశ్వర్లు అనే రైతు నమ్మాడు. మిర్చి ఏరుతుంటే అతని భార్య మల్లక్కను పాము చేతి మీద కాటేసింది. అతను ఆమె చేత మిరపకాయలు నమిలించాడు, పిప్పి కట్టాడు, విషం దిగుతుందని గంటసేపు ఎదురుగా కూర్చున్నాడు. ఆ తరువాతే దవాఖాన. అక్కడి డాక్టరు ఫిర్యాదు పెడితే వీడియో మళ్లీ మానస ముందుకే వచ్చింది. పక్కనే, దాన్ని ఉంచిన ఉద్యోగి నంబరు. తన నంబరే.

"బతికున్నదా?" అన్నాను.

"ఉన్నది. చెయ్యి సంగతి ఇంక చెప్తలేరట. వీడియో తీసేసిన తాతా. కని గది ఒక్కటి కాదు. రెండువందల పైన దొరికినయి. ఒకదానికి పాట వెట్టిన్లు, ఒకదానికి గొంతు మార్చిన్లు. మిషన్ గుర్తువట్టకుండ ఒకడు నిన్ను అద్దంల తిప్పినట్టు తిప్పిండు, నీ కుడి చెంప మీది మచ్చ ఎడమ చెంపకు పోయింది. నేను తీస్తాంటే ఎవలో పెడ్తాన్లు."

మర్నాడు మానస పై అధికారి సుభాషిణి మేడంకు ఉన్నదంతా చెప్పేసింది. పని పోతుందని గుండె చిక్కబట్టుకుని నిలబడిందట. మేడం, "నేను గూడ గిట్ల ఒకటి ఉంచిన, మూడేండ్ల కింద. ఇప్పటికీ యాదికొస్తది. తెలిసినోళ్ల మొహం కనవడితే నువ్వు నొక్కకు, నాకియ్యి," అని, వారం రోజులు స్క్రీన్ ముందు కూర్చోవద్దంది.

నేను ఓంప్రకాశ్‌ను వెంటేసుకుని దవాఖానకు పోయాను. మంచం మీద మల్లక్క, మోచేతి దాకా కట్టు. నన్ను చూసింది.

"నువ్వేనా మిర్చి డాక్టరువు?"

"నేనేనమ్మా."

"మరి నిన్ను కరిచిన పాము ఏడున్నది?"

"పాము లేదమ్మా. అబద్ధం."

"అబద్ధమా! నా నోరు రెండు దినాలు మండింది. నా మొగడు గంటసేపు ఫోన్ల నీ మొహం చూసుకుంట కూసున్నడు, దేవుని పటం చూసినట్టు. నేను జస్తాన్ననంటె, ఆగే, గంట కాలేదు, ముసలాయన గంటన్నడు అంటడు!"

వెంకటేశ్వర్లు తల ఎత్తలేదు. "మార్కెట్ల మోసిన మనిషి. నా బస్తాలు గూడ మోసే ఉంటడు. గీయనెందుకు అబద్ధమాడుతడనుకున్న," అన్నాడు.

మల్లక్క తిట్లన్నీ తట్టుకున్నాను. ఆ మాట మాత్రం ఏ బస్తా కుంగదీయనంతగా కుంగదీసింది.

నిజం చెబుతూ ఇంకో వీడియో పెడదామన్నాడు ఓంప్రకాశ్. ముందు పాత ముక్క చూపించి, ఇది అబద్ధం అని నేను చెప్పాను. పెట్టిన పది నిమిషాలకు మాయమైంది. నా పాత వీడియోను పట్టుకోవడం మానస ఆఫీసువాళ్లే ఈమధ్య మిషన్‌కు నేర్పారట. అదే మొహం, అదే రాశి. దానికి నా అబద్ధం, నా నిజం ఒక్కటే అయ్యాయి. రెండోదానిలో కట్టు విప్పినప్పుడు మల్లక్క తన చెయ్యి చూపించింది. ఆ వీడియో మీద నల్లటి పరదా పడింది, కలవరపెట్టే దృశ్యమని.

"నా చెయ్యి చూడలేనోళ్లు నీ అబద్ధం ఎట్ల చూసిన్లు?" అంది మల్లక్క.

మూడోదానిలో మిర్చి లేదు, చెయ్యి లేదు. మల్లక్క మంచం మీద, నేను పక్కన స్టూలు మీద. ఆమె తిట్టింది, నేను తలవంచుకుని విన్నాను. చివర్లో నా ఫోన్ నంబరు తనే చదివింది. "ఎవలికన్న డౌటుంటే గీ ముసలాయనకే ఫోన్ చెయ్యిండ్రి. అబద్ధమని ఆయన నోటితోనే చెప్తడు." దాన్ని మానస చూడలేదు, సుభాషిణి మేడం చూసింది. ఉంచింది.

అప్పటినుంచి ఫోన్లే ఫోన్లు. తిట్టేవాళ్లు కొందరు, ఇంకో కోత కొయ్యమనేవాళ్లు కొందరు. ఆదివారం పగలు పదకొండు గంటలకు, మానస అన్నం తింటుంటే మోగింది. అవతల మగగొంతు, రొప్పుతోంది.

"తాతా, మా బామ్మర్దిని పాము కరిచింది. ఫోన్ల చూస్తే నీ వీడియోలు రెండున్నయి. ఒకదాంట్ల దిగుతదంటవ్, ఒకదాంట్ల దిగదంటవ్. మా అత్త మిర్చి నూరుతాంది. ఏది నిజం?"

"దిగదన్నదే నిజం. మిర్చి అవుతల పారెయ్. 108కు కొట్టు. పిలగాన్ని నడవనియ్యకు. బండి లేటయితే ఏ ఆటో దొరికితే గదెక్కియ్యి. ఏది గట్టకు, ఏది కొయ్యకు. దవాఖాన, గంతే."

"ఒట్టా?"

డెబ్బై రెండేళ్లలో నన్ను ఒట్టు అడిగినవాడు లేడు. కోతేనని అందరికీ తెలిసిన నా మాటకు ఒట్టు అవసరమని ఎవరికీ తోచలేదు.

"నా మనవరాలి మీద ఒట్టు బిడ్డా. పో!"

హడావుడిలో అతను ఫోన్ కట్ చెయ్యడం మరిచిపోయాడు. మానస ఎంగిలి చేత్తోనే వచ్చి నా పక్కన కూర్చుంది. స్పీకరు పెట్టాను. ఎవరో ఆటో అని అరిచారు. ఒక ఆడగొంతు, మిర్చి నూరింది ఆమేనేమో, వద్దురా, ముసలాయన గంటన్నడు అంటోంది. అవతలికి జరుగు అత్తా అని అతను కసిరాడు. ఆటో స్టార్టయింది. ఫోన్ ఎవరి జేబులోనో పడ్డట్టుంది, చాలాసేపు గతుకుల చప్పుడే వినిపించింది.

"తాతా, దవాఖానకే పోతాన్లా?"

"పోతాన్లు బిడ్డా," అన్నాను.

మానస లేవలేదు. లైను తెగేదాకా ఇద్దరం ఆ రోడ్డు చప్పుడు వింటూ కూర్చున్నాం.