పలకని వాల్వులు

ఈ మధ్య లోకం బాగా మెత్తబడిపోయింది. వీధిలో బళ్ళు దూది మీద నడిచినట్టు వెళ్తున్నాయి. షెడ్డు రేకుల మీద వాన పడుతుంటే తలెత్తి చూసి తెలుసుకుంటున్నాను. హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ నేను కార్ల మెకానిక్కుని, నా విద్యంతా చెవిలోనే ఉంది. బానెట్ ఎత్తకుండానే జబ్బు చెప్పేస్తానని నన్ను చెవి మేస్త్రి అంటారు. ఆ చెవి కాస్తా పోతే ఇక నేనెవరిని? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని తిట్టి తరిమేసేవాణ్ణి. నా చెవులకేం, నిక్షేపంలా ఉన్నాయి, జనమే గొంతులు తగ్గించుకున్నారు.

ఆ రోజు లెక్కల టీచరమ్మ కారు వచ్చింది. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న కారు. ఇప్పుడు ఆవిడ రిటైరయి కూడా నాలుగేళ్ళు.

"ఆగి ఉన్నప్పుడు వణుకుతోంది మేస్త్రిగారూ, లోపలంతా మాడిన ఆయిల్ వాసన. సాయంత్రానికల్లా ఇచ్చేయాలి మరి," అని నా ఎదురుగా నిలబడి చెప్పి, కారు వదిలి వెళ్ళింది.

వణుకు, వాసన, పైగా ఆయిల్ చూసే పుల్ల చుట్టూ తడి. మూడూ కలిశాయంటే ముందు పీసీవీ వాల్వుని చూడాలి. ఇంజన్ కడుపులో పుట్టే పొగని బయటికి పోనీకుండా మళ్ళీ ఇంజన్ చేతే పీల్పించే చిన్న ముక్క అది, బొటనవేలంత ఉంటుంది. కొత్త కార్లలో దాన్ని ఎక్కడ పెడుతున్నారో పెట్టినవాడికే తెలియాలి. పాత కార్లు అలా కాదు, అడిగితే చెప్తాయి. ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టం మీద వేలు పెట్టి, అక్కడ మొదలైన సన్నటి రబ్బరు పైపు వెంట కళ్ళు మూసుకుని వెళ్ళాను. వైర్ల కిందుగా, వెనక గోడని ఆనుకుని, వంపు తిరిగి ఇంజన్ మూత మీదికి. అక్కడ రబ్బరు వాషర్లో కూర్చుని ఉంది మహాతల్లి. రేకుల చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఇంజన్ మీద పడుతోంది. వేలు దాని మీదే ఉంచి కాసేపు అలాగే వంగి ఉండిపోయాను. పొద్దున్నో సాయంత్రమో, నాకు పాతికేళ్ళో అరవయ్యో, ఏదీ గుర్తు లేదు.

మెల్లగా తిప్పుతూ పీకాను. నిండా నల్లటి జిగురు. దీనికి మా దగ్గరొక పరీక్ష ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. లోపలి ముక్క కదిలి టకటకమంటే బతికున్నట్టు, పలకకపోతే పోయినట్టు. ఊపాను. పలకలేదు.

వీధి చివర స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళి కొత్తది తెచ్చుకున్నాను. అలవాటు కొద్దీ దాన్నీ ఊపాను. పలకలేదు. వెళ్ళి మార్చుకొచ్చాను. అదీ అంతే. మూడోది కూడా మూగదే అయ్యేసరికి షాపులోనే ఒంటికాలి మీద లేచాను.

"ఒరేయ్ బోల్టూ! చచ్చిన సరుకంతా నా నెత్తినే రుద్దుతావేంట్రా?"

షాపు నడిపే బోల్టు ఏదో అన్నాడు. పెదవులైతే కదిలాయి.

"నోట్లో నోట్లో గొణుగుతావేం? గట్టిగా ఏడువు!"

వాడు నా వంక అదోలా చూసి, నాలుగోది తీసి నా చేతిలో పెట్టాడు. ఆ చూపులో కోపం లేదు. అదే నాకు నచ్చలేదు.

షెడ్డులో స్టూలు మీద కూర్చుని నాలుగోదాన్ని ఊపుతున్నాను. షెడ్డు వెనకే మా ఇల్లు. మా ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏంటండీ, చంటిపిల్లాడిలా ఆ గిలక్కాయ?"

"గిలక్కాయేంటే?"

"మీ చేతిలోదే. ఇందాకట్నుంచి వంటింట్లోకి వినిపిస్తోంది."

వాల్వు ఆవిడ చేతికిచ్చి, చెవి దగ్గర ఊపమన్నాను. శ్రద్ధగా విందామని కళ్ళు మూసుకున్నాను. లోపలంతా నిండు చెరువు అడుగున ఉన్నట్టుంది, ఎంత వెతికినా ఏమీ తగల్లేదు.

ఆవిడ నా భుజం తట్టింది. కళ్ళు తెరిచాను. "వినపడుతోందా?" అంది.

"భేషుగ్గా! టకటకా కొడుతోందిగా."

"నేనింకా ఊపలేదండీ," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది, ఏడ్చాను. బోల్టుగాడి వాల్వులన్నీ బంగారం లాంటివేనన్నమాట. నలభై ఏళ్ళుగా ఇంజన్ల నాడి చూసినవాణ్ణి, నా జబ్బు నాకే తెలియలేదు. కాదు, తెలుసు. తెలిసీ ఊరందరి మీదా విరుచుకుపడ్డాను.

"నీకెప్పట్నుంచి తెలుసే?"

"మీ తిట్లు పక్క వీధిలోకి వినపడుతున్నప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఒప్పుకునే మనిషేనా మీరు?"

ఆవిడ వాల్వుని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, నా పిడికిలిని తన రెండు చేతులతో పట్టుకుని ఊపింది. అరచేతిలో చిన్నగా తగిలింది. ఒకటి. మళ్ళీ ఒకటి. ఎంతసేపు అలా ఊపించుకున్నానో నాకే తెలియదు, ఆవిడ కూడా వదల్లేదు.

లేచి వాల్వుని పైపుకి తగిలించి ఇంజన్ స్టార్ట్ చేశాను. వాల్వు రెండో మూతిని బొటనవేలితో మూస్తే వేలిని లోపలికి లాగింది. బాగుంది. వాషర్లోకి నొక్కి, క్లిప్పు బిగించి, బానెట్ అంచు మీద అరచెయ్యి ఆనించాను. వణుకు పోయింది. వీధి చివరిదాకా ఓసారి నడిపి తెచ్చాను.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. తాళాలు తీసుకుని, నడిపి చూసుకుని వచ్చింది. మొహంలో సంతోషం కనిపిస్తూనే ఉంది. కారు దిగి, వెనక సీట్లో సంచీ సర్దుకుంటూ, అటు తిరిగే ఏదో అంది. రెండేళ్ళుగా ఇలాంటివాటికి నవ్వి, "అలాగేనమ్మా" అనేస్తున్నాను. అలా ఎన్నింటికి ఊఁ కొట్టానో దేవుడికే ఎరుక. ఆ నవ్వు మూతి మీదికి రానే వచ్చింది. మా ఆవిడ గుమ్మంలోనే ఉంది, కానీ నోరు విప్పలేదు.

"అమ్మా," అన్నాను, "నాకు చెవులు వినపడటం లేదు. ఇటు తిరిగి మళ్ళీ చెప్పండి."

టీచరమ్మ సంచీ వదిలేసి దగ్గరికొచ్చింది. నా మొహంలోకి చూస్తూ ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

"రేపు మనవరాళ్ళని ఎక్కించుకుని కొండ దారిలో వెళ్తున్నాను. వారం నుంచి బ్రేకు తొక్కితే కీచుమంటోంది. మీరు నడిపారుగా, వినే ఉంటారు. పరవాలేదు కదా?"

తాళాలు తిరిగిమ్మని చెయ్యి చాపాను.