ఎరుపును తాగే నీళ్లు

కుడి చెవిలో వేసుకున్న నూనె లోపలికి దిగేదాకా విలార్డ్ లోంగ్వే తల పక్కకు వాల్చి కూర్చున్నాడు. తర్వాత ఎడమ చెవి. ముప్పై ఒక్క ఏళ్లుగా పొద్దున్నే ఇదే వరస. పొట్టి మనిషి, ఛాతీ మాత్రం పీపాలా ఉంటుంది. అరచేతులు నీళ్లలో నాని నాని ముడతలు పడిపోయాయి. మలావీ సరస్సు అడుగున రాళ్ల సందుల్లో తిరిగే రంగు చేపల్ని ప్రాణంతో పట్టడం అతని పని. వాటిని ఎక్కడో చలిదేశాల్లో గాజుతొట్లలో పెంచుకుంటారట.

చేపను ఒక్కసారిగా పైకి తెస్తే పొట్ట ఉబ్బి చచ్చిపోతుంది. అందుకని విలార్డ్ బారెడు బారెడుకీ ఆగుతూ తెచ్చేవాడు. చలికి పళ్లు కొట్టుకుంటున్నా తొందరపడేవాడు కాదు. అతని చేతిలో చచ్చిన చేపను చూసినట్టు పడవలో కూర్చుని గొట్టంతో అతనికి గాలి పంపే యంత్రాన్ని చూసుకునే గోంద్వెకు గుర్తే లేదు.

ఆ చెవులు ఇక లోతు నీళ్లకు తట్టుకోవని ఆసుపత్రిలో చెప్పేశారు. ఇవాళే ఆఖరి దిగుడు.

"టమండా అమ్మా, ఇవాళ నువ్వు కూడా పడవెక్కాలి" అన్నాడు భార్యతో. కూతురి పేరుతోనే ఆమెను పిలవడం అతనికి అలవాటు.

ఎస్నాత్ గిన్నె తోముతున్న చెయ్యి ఆపింది. పెళ్లయిన కొత్తలో ఆమె అన్న ఈ నీళ్లలోనే పోయాడు. అప్పటినుంచి మోకాళ్ల లోతు దాటి దిగలేదు.

"దేనికి? నన్ను కూడా ముంచుదామనా?"

"మొన్న చర్చి దగ్గర అందరితో కలిసి నువ్వూ నవ్వావుగా. అందుకు."

పోయిన ఆదివారం సంగతి అది. నీళ్లకు రంగుండదని, సరస్సు నీలంగా కనపడేది ఆకాశం నీడ పడటం వల్లేనని బడి మాస్టారు చెబుతుంటే, "కాదు మాస్టారూ, నీళ్లే ఎరుపును తాగేస్తాయి" అన్నాడు విలార్డ్. అరుగు మీద వాళ్లంతా పగలబడి నవ్వారు. "నీళ్లలో ఉండీ ఉండీ బుర్రలోకి కూడా నీళ్లు ఎక్కాయి" అన్నారెవరో.

ఎస్నాత్ పడవెక్కింది. రెండు చేతులా పడవ అంచును పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆకాశం బూడిదరంగులో, దుప్పటి కప్పినట్టుంది. గాలి లేదు.

"భయమెందుకు వదినా, విలార్డన్న నీళ్లలోకి దిగినా పైన నేనున్నాను" అన్నాడు గోంద్వె.

"నువ్వున్నావనేగా భయం" అందామె కళ్లు తెరవకుండానే.

లోతు దగ్గర పడవ ఆగింది. విలార్డ్ భార్య భుజం మీది పై గుడ్డ తీసి ఆమె తల మీద గుడారంలా కప్పి, వంగి చూడమన్నాడు.

"ఇప్పుడు ఆకాశం కనపడుతోందా?"

"లేదు."

"నీళ్లు?"

ఆమె ఇంకాస్త కిందికి వంగింది. "నీలంగానే ఉన్నాయి."

అప్పుడతను ఆమె తలగుడ్డ అడిగి తీసుకున్నాడు. మిరపపండులా ఎర్రటి గుడ్డ. దానిలో రాయి మూటకట్టి తాడుతో మెల్లగా దించాడు. రెండు బారలకు ఎరుపు మాసింది. ఇంకా దిగేసరికి ఎండిన నెత్తురులా గోధుమరంగు. ఆ తర్వాత నల్లటి ముద్ద.

"ముందు ఎరుపును తాగుతాయి. ఇంకా లోతుకి పోతే పసుపును కూడా. నీలాన్ని మాత్రం అంత తొందరగా తాగలేవు. అది మిగిలి, తిరిగి మన కంటికొస్తుంది. ఒకసారి కింద వేలు తెగితే నా నెత్తురు నాకే ఆకుపచ్చగా కనపడింది."

"మరి నా కుండలో నీళ్లు నీలంగా ఉండవేం?"

"కుండెడు నీళ్లు ఎంత తాగగలవు?"

ఆమె నవ్వింది. ఎప్పుడు వదిలేసిందో, పడవ అంచు మీద ఆమె చేతులు లేవు.

తర్వాత అతను దిగాడు. ఏడు చేపలతో, ఎప్పటిలాగే ఆగి ఆగి పైకొచ్చాడు. ఏడూ బతికే ఉన్నాయి.

మధ్యాహ్నం ఒడ్డున బోర్లించిన పడవ నీడలో నడుం వాల్చాడు. ఎస్నాత్ మొక్కజొన్న సంకటి కలియబెట్టి, చేపల పులుసు దించి, రెండుసార్లు పిలిచింది. చెవులు వినపడట్లేదేమో అనుకుని దగ్గరకెళ్లి భుజం తట్టింది. ఒళ్లు అప్పటికే చల్లబడింది. ముఖంలో బాధ ఏమీ లేదు.

మర్నాడు పరామర్శకు వచ్చిన మాస్టారు టోపీ చేతిలో పట్టుకుని, చాప మీద కూర్చున్న ఆమె ముందు తలవంచి నిలబడ్డాడు. చుట్టూ ఆడవాళ్లు పాడుతున్న చావుపాట ఆగింది.

"మాస్టారూ," అంది ఎస్నాత్, "ఆయన చెప్పింది నిజం. నేను చూశాను. మీరూ ఒకసారి పడవలో వెళ్లి, తల కప్పుకుని చూడండి."

"వెళ్తానమ్మా" అన్నాడాయన.

ఆమె వెనక గోడకు, మేకు మీద, విలార్డ్ నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలు వేలాడుతున్నాయి. అద్దం లోపల, రబ్బరు అంచు దగ్గర, రెండు చుక్కల నీళ్లు ఇంకా ఆరలేదు.