నిద్ర చేయని కవరు

బడిలో దరఖాస్తుల గదిలో జిగురు కుంచె ముట్టుకునే హక్కు ఆయమ్మకి తప్ప ఇంకెవరికీ లేదు. పదకొండేళ్ల కిందట గుమాస్తా ఒకసారి ఆ కుంచెతో విరిగిన కళ్లజోడు అతికించుకున్నాడు. ఆవేళ్టి నుంచి ఆయమ్మ అతనితో మాట్లాడలేదు. రిటైరై వెళ్లిపోతూ అతను గుమ్మంలో నిలబడి "వెళ్లొస్తానమ్మా" అంటే, ఆమె అటు తిరిగి బెంచీ తుడిచింది.

పొద్దున ఎనిమిదింటికి తాళం తీసేది. ముందు చీమల్ని ఊడ్చేది. ఆ తర్వాతే పిల్లల్ని లోపలికి రానిచ్చేది.

చీమలంటే అక్షరాలే. కాలేజీకి పంపే ప్రతి దరఖాస్తులో 'నా గురించి' అని ఒక పేజీ రాయాలి. అందులో మనసులో లేని మాట రాస్తే ఆ అక్షరాలు తెల్లారేసరికి చీమలై కాగితం దిగిపోతాయి. పంకా కిర్రుమనడం ఎలాగో ఆ గదికి ఇదీ అంతే. అందుకే ఆయమ్మ రూలు పెట్టింది. ఏ కాగితమైనా కవర్లోకి వెళ్లే ముందు ఈ గదిలో ఒక రాత్రి నిద్ర చేయాల్సిందే. పొద్దున మిగిలినదాన్ని పట్టుకుని మళ్లీ రాయించడం దరఖాస్తుల మేడమ్ పని. దిగిపోయేవాటికి దారి మూయకూడదు. ఎప్పుడో ఒకసారి ఎవరో కాగితాన్ని రేకు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే, పొద్దునకి అబద్ధాలు నిజాల్ని తినేసి ఉన్నాయి.

"ఆయమ్మా, నాదెంత మిగిలింది?" ఒక పొడుగుకాళ్లవాడు గుమ్మంలోంచే అడిగాడు.

"నీ పేరూ, పుట్టిన తేదీ అంట, మేడమ్ చదివి చెప్పారు. తేదీ కూడా కాళ్లు కదుపుతోంది."

పిల్లలు గొల్లుమన్నారు. మేడమ్ వాణ్ని కూచోబెట్టింది.

"జనానికి సేవ చేయాలని ఉందని రాశావు. నిజంగా నీకేం చేయాలనుంది?"

"తాళాలు విప్పాలని ఉంటుంది మేడమ్. తాళంచెవి లేకుండా."

"అయితే అదే రాయి. దొంగవి అనుకోకుండా ఎలా రాయాలో నేను చెప్తాను."

అందరి కాగితాల సంగతీ ఇంత సులువుగా తేలేది. ఆయమ్మ మనవరాలిది తప్ప.

ఆ పిల్ల ఆయమ్మ కూతురి కూతురు. పదిహేడేళ్ల కిందట, పిల్ల నెలల గుడ్డుగా ఉన్నప్పుడు, ఆయమ్మ కూతురు జ్వరంతో ఆసుపత్రిలో పడింది. ఏమైందని అడగబోతే పెద్ద డాక్టరు తలెత్తకుండానే అన్నాడు: "చదువు రానిదానివి, నీకేం తెలుస్తుంది? బయట నిలబడు." ఆయమ్మ బయట నిలబడింది. లోపల కూతురు పోయింది. ఆ మాట ఆమె ఇంతవరకూ ఎవరి ముందూ నోరు జారనివ్వలేదు. నాలుక కింద పెట్టుకుని దాచింది. మనవరాలు డాక్టరై అదే ఆసుపత్రిలో, అతని కుర్చీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూచోవాలి. అంతే. ఇంకో కోరిక లేదు.

కానీ మనవరాలి కాగితం మూడు రాత్రులు నిద్ర చేసి మూడు పొద్దులూ తెల్లగా లేచింది. అడుగున రెండు లైన్లు మాత్రం కదల్లేదు. ఆయమ్మకి చదవడం రాదు. సంతకమూ, మనవరాలు ఏడేళ్లప్పుడు పలక మీద దిద్దించిన ఆ పిల్ల పేరూ తప్ప చేతికి ఇంకో అక్షరం తెలీదు.

"ఏమని ఉంది మేడమ్, ఆ రెంటిలో?"

మేడమ్ చదివింది. "రోజూ పొద్దున బడి డాబా మీద వాన కొలిచే గాజు సీసా దగ్గరికి వెళ్తాను. రాత్రి ఎంత పడిందో చూస్తే గానీ నాకు తెల్లారినట్టుండదు."

"వాన కొలిచేదాన్ని చూసి ఎవడు లేచి నిలబడతాడు?"

"ఆయమ్మా, వాతావరణం చదువు చెప్పే కాలేజీకి ఇంకా వారం గడువుంది. ఈ రెండు లైన్లు చాలు, వీటి మీదే పేజీ కట్టిస్తాను. డాక్టరు చదువుకి ఇవాళే ఆఖరు. వదిలేద్దాం."

"వదిలేయడానికి నేను పదిహేడేళ్లు నిలబడ్డానా?" అని, మనవరాలి వైపు తిరిగింది. "ఏమే, కూచో. మళ్లీ రాయి."

"ఎన్నిసార్లు రాసినా పోతాయి అమ్మమ్మా."

"పోవు. నువ్వు రాయి."

పిల్ల రాసింది. అడుగున అలవాటుగా ఆ రెండు లైన్లూ రాసింది. సిరా ఆరకముందే ఆయమ్మ కాగితం లాక్కుని మడిచి కవర్లో పెట్టింది. కుంచె ముంచింది.

"నిద్ర చేయలేదు కదా!" మేడమ్ లేచి నిలబడింది. "లోపల దారి ఉండదు. ఆ రెండు లైన్లూ మిగలవు."

"పోతే పోనీ. రెండు లైన్లే కదా. రూలు పెట్టింది నేను, తీసేదీ నేనే."

నాలుగు అంచులూ ఒకటికి రెండుసార్లు జిగురు పట్టించి, బొటనవేలితో నొక్కింది. తపాలా బండి వచ్చేదాకా కవరు ఒళ్లోనే పెట్టుకుని కూచుంది. కాసేపటికి లోపల సన్నగా చప్పుడు మొదలైంది. రేకుల మీద తుంపర పడ్డట్టు. మనవరాలు తలెత్తి కిటికీ వైపు చూసింది. బయట ఎండ కాస్తోంది. బండి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది.

నెల తిరక్కుండా సీటొచ్చింది. కడుపు నిండిన అక్షరాలు కదలవు మరి. ఆయమ్మ ఆ ఉత్తరాన్ని ఊరంతా చూపించింది, ఒక్క మేడమ్‌కి తప్ప. ఎదురుచెప్పినవాళ్లకి చూపించే అలవాటు ఆమెకి లేదు.

మనవరాలు డాబా ఎక్కడం మానేసింది. హాస్టలుకి సామాను సర్దుతూ, మూడేళ్లుగా వాన లెక్కలు రాసుకున్న పుస్తకం తీసి తిప్పింది. పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఇదెవరిది అమ్మమ్మా? ఒక్క ముక్క కూడా రాయలేదు. పారేయనా?"

ఆయమ్మ పుస్తకం అందుకుని పక్కన పెట్టింది. పెట్టె మూత మీద అతికించిన చీటీ ముందు కూచుని పెన్సిలు తీసుకుంది.

"నీ పేరు నేనే రాస్తాను. నాకొచ్చిందదే కదా."

నాలుక పళ్లమధ్య పెట్టి, ఒక్కో గుడీ ఒక్కో సున్నా దిద్ది రాసింది. ఇది ఆ గది కాకపోయినా, అక్షరాలు తెల్లారేదాకా కూడా ఆగలేదు. ఆమె చూస్తుండగానే తలకట్లు మీసాలయ్యాయి. పేరు కాళ్లు తెచ్చుకుని చీటీ దిగింది, పెట్టె దిగింది, గడప దాటింది. ఆయమ్మ మళ్లీ రాసింది. మళ్లీ దిగిపోయింది. మూడోసారి గట్టిగా నొక్కి దిద్దింది.

"ఇంతసేపా?" మనవరాలు తలెత్తలేదు. గొంతులో కోపం కూడా లేదు. "చదువు రానిదానివి, నీకేం తెలుస్తుంది? బయట నిలబడు. నేను రాసుకుంటాను."

ఆయమ్మ పెన్సిలు కింద పెట్టింది. లేచి బయటికెళ్లి నిలబడింది.

వాన పడుతోంది. ఎంత పడుతోందో చూసేవాళ్లు లేరు.