మూజువాణి ఓటు

వినికిడి పరీక్ష రేకుల ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెట్టారు. గోడకు అవతలే ప్రెస్ షాపు. పెద్ద ప్రెస్సు రేకు మీద పడ్డప్పుడల్లా బల్లల మీద గ్లాసులు గలగలమనేవి. అలాంటి చోట తలుపులు బార్లా తెరిచి, కంపెనీ పెట్టుకున్న ఏజెన్సీ మనిషి ఒకడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కార్మికులు వరసకట్టి నిలబడ్డారు. ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా కూర్చోవడం, అతను ముఖంలో ముఖం పెట్టి "భోజనం చేశావా? పిల్లలెంతమంది?" అని అడగడం, వాళ్ళు జవాబు చెప్పగానే "బాగానే వినబడుతోంది" అని ముద్ర గుద్దడం. అంతే పరీక్ష.

పరీక్ష ఎలా చేస్తారో చూద్దామని వచ్చి గోడవార నిలబడ్డ చెవులమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె ప్రభుత్వాసుపత్రిలో ఆడియాలజిస్టు. ఆ మాటకు నోరు తిరగని కార్మికులు చెవులమ్మ అని పిలిస్తే, చివరికి నర్సులు కూడా ఆ పేరే ఖాయం చేశారు. ఆసుపత్రిలో ఆమెకు చప్పుడు చొరబడని ఒక చిన్న గది ఉంది. మనిషిని అందులో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, సన్నటి కూత వినబడినప్పుడల్లా బటన్ నొక్కమనేది. ప్రెస్ షాపు వాళ్ళు చాలామంది నొక్కేవారు కాదు. కూత ఎప్పుడు మొదలవుతుందా అని అద్దంలోంచి ఆమె ముఖం కేసి చూస్తూ కూర్చునేవారు. ఆమె రాసిచ్చిన సర్టిఫికెట్టు చూపిస్తే యాజమాన్యం వాళ్ళను చప్పుడు లేని పనికి మార్చాలి, పోయిన చెవులకు పరిహారం ఇవ్వాలి. చట్టం అలా ఉండేది.

యజమానుల సంఘానికి ఆ చిన్న గది కంట్లో నలుసైంది. అసెంబ్లీ లేని రోజులు చూసుకుని ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇకమీదట వినికిడి పరీక్షకు, మాట చికిత్సకు చదువూ లైసెన్సూ అక్కర్లేదు. తర్ఫీదు పొందిన సహాయకుడు ఎవరైనా చెయ్యొచ్చు. ఫ్యాక్టరీలో ఆ సహాయకుణ్ణి యజమానే పెట్టుకోవచ్చు. పాత సర్టిఫికెట్లు చెల్లవు, అందరికీ మళ్ళీ పరీక్ష.

వరసలో బావ వంతు వచ్చింది. తల్లీతండ్రీ పోయాక చెవులమ్మను పెంచి చదివించింది అక్కా బావే. బావ చెవులు ఎప్పుడో పోయాయి. కానీ ప్రెస్ షాపులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కనక అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. బావ అందులో ఘటికుడు. షాపు ఆ చివర ఎవరు ఎవర్ని తిట్టుకుంటున్నారో ఈ చివర నుంచి చెప్పేసేవాడు. ఏజెన్సీ మనిషి పెదాలు కదిపీ కదపకముందే జవాబు చెప్పేశాడు.

"నోటికి కాగితం అడ్డం పెట్టుకుని అడగండి" అంది చెవులమ్మ.

అతను పక్కనే ఉన్న మేనేజరు వంక చూశాడు. మేనేజరు నెమ్మదిగానే చెప్పాడు. "ఆర్డినెన్సులో కాగితం సంగతి లేదమ్మా. పైగా ఆయన మీ బావ. మీ మాట ఇక్కడెలా చెల్లుతుంది?"

ముద్ర పడింది. ఆమె సర్టిఫికెట్టు మీద స్టోర్సులో పని చేసుకుంటున్న మనిషిని మర్నాడే మళ్ళీ ప్రెస్ షాపుకు, క్రేను కిందికి పంపారు. ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ముఖం వేలాడేసుకుని కూర్చుంటే బావే ఓదార్చాడు. మీ అక్క తిట్లు వినబడక నేను హాయిగా ఉంటే నీకెందుకు బాధ అన్నాడు. పెదాలు చూసి మరీ పట్టేస్తాడు, ఈయన్ని నమ్మకు అని అక్క తడిగుడ్డ విసిరింది. ముగ్గురూ నవ్వారు.

ఆ తర్వాత ఎన్నాళ్ళో పట్టలేదు. క్రేను రేకుల కట్ట ఎత్తుకు వెళ్తుంటే గొలుసు జారింది. పైన కూర్చున్న ఆపరేటరు సైరన్ నొక్కాడు. బావ వెనక్కి తిరగలేదు.

ముఖం చూడొద్దని, చూడ్డానికేమీ లేదని అక్కకు గుడ్డలో చుట్టి అప్పగించారు. క్రేను ఆపరేటరు వచ్చి గుమ్మం బయటే నిలబడిపోయాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నేను సైరన్ నొక్కుతూనే ఉన్నానమ్మా" అన్నాడు. "కొత్తగా చేరిన పిల్లలు తిరిగి చూశారు. పాతవాళ్ళలో ఒక్కడు కూడా తిరగలేదు. కింద ఎవడున్నా పోయేవాడే."

కంపెనీ విచారణ తొందరగానే ముగించింది. మృతుడి వినికిడి సవ్యంగా ఉన్నట్టు పరీక్షలో తేలింది గనక, సైరన్ విని కూడా తప్పుకోలేదు గనక, నిర్లక్ష్యం అతనిదే అని తేల్చింది. అక్క ఆ వాక్యాన్ని చెల్లెలి చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. ఏడవలేదు. చంపినవాళ్ళే నేరం ఆయన నెత్తిన రుద్దారన్నమాట అని మాత్రం అంది.

ఆర్డినెన్సును బిల్లుగా మార్చి అసెంబ్లీలో పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. వినికిడి నిపుణులకూ మాట చికిత్స నిపుణులకూ కలిపి ఒక వృత్తి సంఘం ఉంది. చల్లటి హాల్లో సమావేశం జరిగింది. అధ్యక్షుడికి వినికిడి యంత్రాల దుకాణాలు చాలా ఉన్నాయి. మంత్రిగారిని కలిశామని, ఆయన ఎంతో ఆదరంగా మాట్లాడారని, మనం అడిగినది సాధించామని ప్రకటించాడు. ప్రైవేటు క్లినిక్కుల్లో లైసెన్సు ఎప్పటిలాగే ఉంటుంది. ఫ్యాక్టరీలు, ప్రభుత్వాసుపత్రులు మాత్రం సహాయకుల చేతికి పోతాయి. హాలంతా చప్పట్లు మోగాయి.

చెవులమ్మ లేచింది. "డబ్బున్న చెవులకి మనం, లేని చెవులకి ముద్రలు గుద్దేవాళ్ళు. దీన్నా సాధించడం అంటున్నారు?"

మనది వృత్తి సంఘం, ట్రేడ్ యూనియన్ కాదు అన్నాడు అధ్యక్షుడు. మీ ఇంట్లో జరిగినదానికి మాకూ బాధగానే ఉంది, కానీ ఆవేశంతో చట్టాలు మారవు అన్నాడు. పక్కన కూర్చున్న మాటల మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాటలు నేర్పే మనిషి ఆయన. ఆసుపత్రిలో ఆమె గదికి ఆనుకునే ఆయన గది. రిటైర్మెంటు దగ్గరపడింది. గొడవలంటే భయం. ఉన్నది కూడా ఊడగొట్టుకుంటామమ్మా అని గొణిగాడు.

ఆయన భయం వదిలించింది కూడా ఆ చట్టమే. మాటతో పాటు మింగడం పోయినవాళ్ళను చూసేదీ ఆయనే; ఆయన వార్డులో ఒక ముసలామెకు పక్షవాతంతో మింగడం పోయింది. నోట్లో పోసిన నీళ్ళు కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. మాస్టారు ఆమె మంచానికి 'నోటితో ఏమీ ఇవ్వరాదు' అని అట్ట కట్టాడు. ఆయన్ని వార్డు నుంచి తప్పించి ఏజెన్సీ పిల్లను పెట్టారు. ఆ పిల్లకు ఒక యూనిఫాం ఇచ్చి, ఒక పూట పాఠం చెప్పి పంపారు. ముసలామె దాహంతో సైగ చేస్తే జాలిపడి గ్లాసుడు నీళ్ళు పట్టింది. ముసలామె రెండు రోజులు గుర్రుమంటూ కొట్టుకుని పోయింది. వయసు మీద పడి పోయిందని ఆసుపత్రి రాసుకుంది.

మాస్టారు చెవులమ్మ గదిలోకి వచ్చి, రోగులు కూర్చునే కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ పిల్ల నన్నడిగిందమ్మా, నేను చంపానా సార్ అని. నేనేం చెప్పను?" ముఖం తుడుచుకుని లేచాడు. "మీ ఫ్యాక్టరీవాళ్ళు ఎక్కడ కూడుతున్నారు? నేనూ వస్తాను."

కూడేది ఫ్యాక్టరీ వెనక యూనియన్ షెడ్డులో. అలాంటి సభ మాస్టారు ఎన్నడూ చూసి ఉండడు. మాట్లాడేవాడు బెంచీ ఎక్కాలి. పెదాలు అందరికీ కనబడాలి. మాట్లాడుతూ తల పక్కకు తిప్పితే చాలు, పది చేతులు లేచి ముఖం ఇటు పెట్టమని కసిరేవి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే సభ మొత్తం ఎటు చూడాలో తెలియక రెండుగా చీలిపోయేది. పోట్లాట కూడా వంతులవారీగా జరగాల్సిందే.

రివెట్ షాపులో రేకులకు మేకులు బిగించే, రివెట్టు అని పిలిచే ఒక మొరటు మనిషి బెంచీ ఎక్కి చెవులమ్మ మీదికే వచ్చాడు. "మీ లైసెన్సుల కోసం మా వీపులు పగలాలా? ఇన్నేళ్ళలో మా గేటు దగ్గరికి ఒక్క తెల్లకోటైనా వచ్చిందా? ఇప్పుడు మీ కూటికి ఎసరొచ్చేసరికి మేం గుర్తొచ్చామా?"

చెవులమ్మ బెంచీ ఎక్కింది. "రాలేదు. నువ్వన్నది నిజం. నా లైసెన్సు కోసమే అయితే మీరెవరూ కదలక్కర్లేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. చెవులు పోయాయో లేదో చెప్పే మనిషి మీ యజమాని జీతగాడైతే, మీ చెవులు ఎప్పటికీ పోవు. మనుషులే పోతారు."

రివెట్టు ముందుకొచ్చాడు. చెయ్యి అందించి ఆమెను దింపాడు. ఆ చేత్తోనే అక్కను ఎక్కించాడు. అక్క ఎన్నడూ నలుగురిలో మాట్లాడిన మనిషి కాదు. మొగుడితో మాట్లాడినట్టే, పెదాలు సాగదీసి, ఒక్కో మాటా విడమరచి చెప్పింది. "మా ఆయన సైరన్ విన్నాడని రాశారు. మా కూతురు పసిబిడ్డగా ఉన్నప్పుడు దాని ఏడుపు కూడా ఆయనకి వినబడేది కాదు. మీ పెళ్ళాల్ని అడగండి, మీకేం వినబడుతుందో వాళ్ళు చెప్తారు. నేను అసెంబ్లీకి పోతున్నాను. ఒక్కదాన్నయినా పోతాను."

ఒక్కతే పోవలసిన పని లేకపోయింది. ఆర్డినెన్సు రద్దు చెయ్యాలి, పరీక్షలు ప్రభుత్వాసుపత్రిలోనే జరగాలి, ప్రెస్సుల చప్పుడు తగ్గించే తొడుగులు బిగించాలి. ఈ మూడూ గుడ్డల మీద రాసుకుని, బిల్లు చర్చకు వచ్చిన రోజున ప్రెస్ షాపు, రివెట్ షాపు మొత్తం అసెంబ్లీ రోడ్డు మీద బైఠాయించాయి. వాళ్ళ పక్కన ఆడవాళ్ళు, మాటల మాస్టారు, ఆసుపత్రి నుంచి వచ్చిన కొద్దిమంది తెల్లకోట్లు. క్రేను ఆపరేటరు కూడా వచ్చాడు. ఎప్పుడూ పై క్యాబిన్లో తలుపు మూసుకుని పనిచేస్తాడు గనక అతని చెవులు బాగానే ఉన్నాయి. బావ పోయినప్పటి నుంచి అతను ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడలేదు.

పోలీసులు వెనక నుంచి వచ్చారు. జీపు మీద నిలబడి అధికారి మైకు అందుకున్నాడు. ఇది చట్టవిరుద్ధమైన గుంపు, వెంటనే చెదిరిపోవాలి అన్నాడు. కార్మికుల వీపులు అటున్నాయి. పాతవాళ్ళలో ఒక్కడూ తిరగలేదు.

చెవులమ్మ జీపు దగ్గరికి పరిగెత్తింది. "వాళ్ళకి వినబడదు సార్. ముందుకొచ్చి రాసి చూపించండి. నేను చెప్తాను వాళ్ళకి, కాస్త ఆగండి."

"మైకులో చెప్పడం వరకే నా పని" అని అతను చెయ్యి ఊపాడు.

లాఠీలు వెనక వరసల నుంచి మొదలయ్యాయి. ఆ దృశ్యాన్ని చెవులమ్మ ఈ జన్మకు మరిచిపోలేదు. వెనక వరసల్లో ఎముకలు విరుగుతున్నాయి, మనుషులు అరుస్తున్నారు. ముందు వరసలు అసెంబ్లీ గేటు కేసి చూస్తూ పిడికిళ్ళెత్తి నినాదాలు ఇస్తూనే ఉన్నాయి. పక్కవాడు కూలేదాకా ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. రివెట్టు దవడ విరిగింది. మాస్టారు ఎవరో పిల్లకు అడ్డంగా పడి దెబ్బలు తిని చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

క్రేను ఆపరేటరుకు వినబడింది. మొదటి అరుపుకే పక్క సందులోకి తప్పుకోగలిగేవాడు. తప్పుకోలేదు. గుంపులోకి దూరి, వెనక్కి చూడని ఒక్కో మనిషి భుజమూ పట్టుకుని తిప్పుకుంటూ పోయాడు. లాఠీలు వెంటపడ్డాయి. అయినా తిప్పుతూనే పోయాడు. అట్లా ఎంతమందిని తిప్పాడో. ఆఖరికి దెబ్బ నడినెత్తిన పడింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

అదే సమయానికి లోపల బిల్లు ఓటుకు వచ్చింది. ఒప్పుకునేవారు అవును అనండి, ఒప్పుకోనివారు కాదు అనండి అన్నాడు సభాపతి. అవును అన్న గొంతులే గట్టిగా వినబడ్డాయని మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గినట్టు ప్రకటించాడు. బయట రోడ్డు కడుగుతున్నారు.

చెవులమ్మనూ మరికొందరినీ కోర్టులో నిలబెట్టారు. మైకులో హెచ్చరించినా చెదిరిపోలేదన్నది నేరం. వాళ్ళు చెవిటివాళ్ళని వీళ్ళ వకీలు అన్నాడు. ప్రభుత్వ వకీలు చిరునవ్వుతో లేచి, క్యాంటీన్లో ముద్ర గుద్దిన సర్టిఫికెట్ల కట్ట జడ్జి ముందు పెట్టాడు. వీళ్ళలో ప్రతి ఒక్కరికీ వినికిడి సవ్యంగా ఉంది, విని కూడా ధిక్కరించారు అన్నాడు. విచారణ జరుగుతుండగా, నుదుట కట్టుతో ఉన్న ఒక కార్మికుడు జడ్జి తనను పేరు పెట్టి పిలిచినా పలకకపోతే, కోర్టు ధిక్కారం కింద ఇంకో కేసు కట్టారు. జనాన్ని రెచ్చగొట్టిందని చెవులమ్మకు బెయిలు నిరాకరించారు. లైసెన్సు రద్దయిన కాగితం జైల్లోనే చేతికిచ్చారు.

అక్క ములాఖత్తుకు వచ్చింది. మధ్యలో రెండు వరసల కమ్మీలు, ఇటూ అటూ గుంపుగా నిలబడి ఒకరి మీద ఒకరు అరుచుకునే జనం. అక్క అరవలేదు. పెదాలు సాగదీసి, ఒక్కో మాటా విడమరచి చెప్పింది. చెవులమ్మ ఆ పెదాల కేసి చూస్తూ నిలబడింది.

క్రేను ఆపరేటరు శవాన్ని ఫ్యాక్టరీ గేటు ముందే దించారట. ఆ పూట నుంచి ప్రెస్సు ఆగిపోయిందట. బయటివాళ్ళతో నడపాలని చూస్తే రివెట్ షాపు అడ్డం పడుకుందట. నూలు మిల్లు వాళ్ళు కూడా వచ్చి, మా చెవులూ పరీక్ష చెయ్యండని అడుగుతున్నారట. ఎవరు చేస్తారు, మెషీన్లేవీ అని చెవులమ్మ అడిగింది. మాస్టారు విరిగిన చేత్తోనే యూనియన్ షెడ్డుకు తలుపులు బిగించి, గోడలకు పరుపులు కొట్టించి గది తయారుచేశాడని, మెషీన్లు ప్రైవేటు క్లినిక్కుల నుంచే వచ్చాయని, లైసెన్సు లేకుండా పరీక్షలు చేస్తున్నందుకు పోలీసులు ఇవాళ షెడ్డు మీద పడ్డారని అక్క చెప్పింది.

"లైసెన్సు అక్కర్లేదని కదా చట్టం చేశారు" అంది చెవులమ్మ.

"అది వాళ్ళకి. మనకి కాదు."

టైమైపోయిందని వార్డరు అక్కను రెక్క పట్టుకుని లాగింది. అక్క వెనక్కి నడుస్తూనే పెదాలతో ఇంకేదో చెప్పబోయింది. ఈలోగా బయటి గేటు తెరిచిన చప్పుడయింది. పోలీసు బండి ఆవరణలోకి వచ్చి ఆగింది. తెల్లకోట్ల ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగారు. కొందరికి ముడి ఊడి జుట్టు ముఖం మీద పడింది, ఒకామె కోటు చెయ్యి భుజం దగ్గర చిరిగింది. వాళ్ళలో చాలామందిని చెవులమ్మ గుర్తుపట్టింది. ఆ చల్లటి హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళు.

ఇంతమందికి లోపల చోటెక్కడుందని వార్డరు విసుక్కుంది.

"సర్దుకోవాలి మరి" అంది కోటు చిరిగిన ఆమె. "వెనకాల ఇంకో బండి వస్తోంది."