ఆపు అన్న పిల్ల

సింకులో నిన్నటి విందు గిన్నెలు గుట్టగా పడి ఉన్నాయి. అడుగు మాడిన గిన్నెను ఆమె ఎంత తోమినా మాడు వదలడం లేదు. వెనక భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నిన్న మా అన్నయ్యవాళ్ల ముందు తల తీసేసినట్టయింది. వంట సగంలో ఉండగానే వచ్చి కూర్చున్నారు, పాపం" అన్నాడు. ఆ పాపం ఎవరి మీదో చూశారా? పొద్దున్నే అందరికీ వండిపెట్టి, రోజంతా హెలికాప్టర్ హోరులో అరిచి అరిచి, పరుగున వచ్చి మళ్లీ పొయ్యి వెలిగించిన మనిషి మీద మాత్రం కాదు. అత్తగారు గదిలోంచే అందుకుంది. "చేతకాకపోతే ఇంట్లో కూర్చోవాలమ్మా."

ఏళ్లుగా వింటున్న మాటే. అయినా ఇవాళ గిన్నె చేతిలోంచి జారిపోయింది. నిన్న సాయంత్రం అదే మాట తన నోటి నుంచి వచ్చింది మరి.

వరదల్లో, కొండల్లో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌లోకి లాగే బృందాలకు శిక్షణ ఇవ్వడం ఆమె ఉద్యోగం. మొదటి రోజు నేర్పేది ఒక్కటే. కేబుల్ మీద బరువు వేలాడుతున్నప్పుడు ఎవరికి ఏ అనుమానం వచ్చినా "ఆపు" అనాలి. అనగానే అంతా ఆగాలి. ఎందుకని గాల్లో అడగకూడదు. అనుమానం ఉత్తదే అయినా కిందికి వచ్చాక ఎగతాళి చెయ్యకూడదు. పట్టుబట్టి ఆ పద్ధతి పెట్టించింది కూడా ఆమే.

నిన్న ఆఖరి విడతలో కేబుల్ దించే మీట పిచ్చుక చేతిలో ఉంది. ఆ బ్యాచ్‌లో ఒక్కగానొక్క ఆడపిల్ల, సన్నగా ఉంటుందని అందరూ అలా పిలుస్తారు. మనిషంత బరువున్న బొమ్మ సగం దిగిందో లేదో, "ఆపు" అంది. కిందికి దిగి చూస్తే కేబుల్ నిక్షేపంలా ఉంది. ఇంధనం నింపుకుని మళ్లీ మొదటి నుంచీ చెయ్యాలి. అప్పటికే భర్త ఫోన్ మీద ఫోన్. ఆమెకు తిక్క రేగింది. అందరి ముందూ, "చేతకాకపోతే ఇంట్లో కూర్చో" అనేసింది. రెండోసారి బొమ్మ ఊగి ఊగి, కింద శిక్షణ కోసం కట్టిన టవర్ రెయిలింగుకు ఫెడీమని కొట్టుకుంది. మెడ విరిగి వేలాడింది. అంతసేపూ పిచ్చుక "ఆపు" అనలేదు. "ఆ పిల్లను పంపించేద్దాం. రేపు నీ మాట కూడా చెప్పు" అన్నాడు శిక్షణాధికారి పెద్దాయన. ఆమె సరేనన్నట్టు తలూపి ఇంటికి పరుగెత్తింది. తలూపింది, ఛీ! ఒక పిల్ల ఉద్యోగాన్ని వంట వేళ కోసం ఊడగొట్టబోయింది.

గిన్నెలు అలాగే వదిలేసి శిక్షణ కేంద్రానికి వెళ్లేసరికి పిచ్చుక బ్యాగు సర్దుకుంటోంది.

"బొమ్మ ఊగడం నీకు కనబడలేదా?"

"కనబడింది మేడమ్."

"మరి ఆపు అనలేదేం?"

పిచ్చుక తల దించుకుంది. "ఆపితే మీకు ఇంకా ఆలస్యమయ్యేది కదా. మీవారు ఫోన్లో అరవడం విన్నాను. ఇంటికెళ్లి మళ్లీ మాటలు పడాలి, పాపం అనిపించింది."

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. చెంప మీద కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఇంట్లో తను పడ్డ మాటను తెచ్చి ఈ పిల్ల నోట్లో కుక్కింది. రేపు నిజం మనిషి వేలాడుతుంటే?

బ్యాచ్ అందరినీ పిలిచి, "నిన్నటి తప్పు నాది. ఆపు అన్నందుకు తిట్టాను" అంది. తర్వాత పెద్దాయన దగ్గరికి వెళ్లింది. "సాయంత్రం మళ్లీ పరీక్ష పెట్టండి సార్. మీట పిచ్చుకదే. మీరు పక్కన కూర్చోండి. కేబుల్ కొక్కేనికి బొమ్మ వద్దు, నేనుంటాను."

"బుర్ర పనిచేస్తోందా నీకు?"

"ఇప్పుడిప్పుడే సార్."

భర్తకు ఫోన్ చేసి, ఆలస్యమవుతుంది, వంట మీరే చూసుకోండి అంది. "ఎందుకు?" అన్నాడు. పెట్టేసింది.

సాయంత్రం ఆమె గాల్లో దిగుతుండగా, సగం దారిలో కేబుల్ ఠక్కున ఆగింది. హెల్మెట్ రేడియోలో పిచ్చుక గొంతు వినిపించింది. "ఆపు."

పైకీ కిందికీ చూసింది. కేబుల్ ఊగడం లేదు, గాలి లేదు, ఏ తేడా కనబడలేదు. ఇంట్లో ఈపాటికి పొయ్యి వెలిగిందో లేదో.

ఎందుకని ఆమె అడగలేదు.