సంవేగం అంటే

అంబదాస్ ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు లేచినచోట వేలు నొక్కిపట్టాడు. ఇచ్చోడ శివారున, హైవే పక్కన రేకుల షెడ్డు అతనిది. పంక్చర్లు వేసీ వేసీ గోళ్లు ఎప్పటికీ నల్లగానే ఉండిపోయాయి. కుడిభుజం కొంచెం కిందికి వాలింది. ఆ రోడ్డుమీద బండ్లు గుద్దుకుంటే జనం ముందు అతన్నే పిలిచేవాళ్లు. ఎందరి శవాలనో ఎత్తి పక్కన పడుకోబెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ పనిలో కూర్చునేవాడు.

ఇప్పుడు పంక్చరైంది బౌద్ధ భిక్షువు భంతేజీ ఎక్కివచ్చిన ఆటోకి. అన్నం గిన్నె తెచ్చిన భార్య కమలవ్వ ఆయనకు దండం పెట్టి, నీళ్లిచ్చి, మనసులో ఉన్నది అడిగేసింది.

"ఆదివారం విహారంల మీరు సంవేగం అన్నరు. గా మాట నాకు సమజ్ కాలే భంతేజీ."

ఆయన కాషాయ చీవరం సర్దుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"సిద్ధార్థుడు శవాన్ని చూసిండు గదమ్మా. చావు ఉన్నదని అందరికీ ఎరుకే. గది నాకూ ఉన్నది, నావాళ్లకూ ఉన్నదని ఆ దినం ఆయన గుండె ఒక్కసారి అదిరింది. గా అదురే సంవేగం. అదిరినోడు ఇగ మునుపటి లెక్క ఉండలేడు."

"నేను ఎందర్నో ఎత్తిన భంతేజీ. నాకేం గాలే," అని నవ్వాడు అంబదాస్.

భంతేజీ నవ్వలేదు.

ఆటో పోయాక కమలవ్వ అంది. "ఈ దసరాకన్న నాగపూర్ దీక్షాభూమి యాత్రకు పోదామయ్యా. ఏటేటా అడుగుతనే ఉన్న."

"పోదాం తియ్. నాగపూర్ ఏమన్న లేచిపోతదా?"

ఆమె పాత ట్యూబు ఒకటి తీసుకుని పోయి షెడ్డు వెనక నీడలో నడుం వాల్చింది. ఇంతలో లారీ ఒకటి వచ్చి ఆగింది. చక్రం మార్చి నట్లు బిగిస్తూ, చాయ్ పెట్టమని కేకేశాడు అంబదాస్. ఆమె పలకలేదు. వెళ్లి భుజం తట్టాడు. ఆమె చెయ్యి జారి నేలమీద పడింది. అలా పడే చేతులు అతనికి బాగా తెలుసు.

తిరిగి వచ్చి మిగిలిన నట్టు బిగించబోయాడు. పానా పట్టు దొరకలేదు. చేతులు అదురుతున్నాయి. ఒకదాన్ని ఇంకొకదానితో పట్టుకున్నా ఆగలేదు.

"ఏమైంది కాకా, జర జల్ది గానీ," అన్నాడు డ్రైవర్.

"నా పెండ్లాం పోయింది."

"ఏడికి?"

అంబదాస్ షెడ్డు వెనక్కి చెయ్యి చూపి, ఉన్నచోటనే మట్టిలో కూలబడ్డాడు.

డ్రైవర్ పరుగున వెళ్లి చూసి, రోడ్డుమీద పోయేవాళ్లను కేకేశాడు. వాళ్లే ఆమెను ఎత్తుకుపోయారు. అంతమందిని ఎత్తిన మనిషి, తన పెండ్లాం కాళ్లు పట్టడానికైనా లేవలేకపోయాడు.

నీడలో ఆమె తలకింద పెట్టుకున్న పాత ట్యూబు ఒక్కటే మిగిలింది. సగం గాలితో ఉన్న ఆ ట్యూబు, తల ఆనినచోట పడిన నొక్కు పోయి, మెల్లగా మళ్లీ గుండ్రంగా అయింది.